ఇండీ కామిక్ ఆర్టిస్టును కన్వెన్షన్‌లో కలవాలంటే: టేబుల్ ముందు తడబడకుండా

"ఫలానా ఆర్టిస్టు వస్తున్నారని తెలిసి కన్వెన్షన్‌కు, అదే కామిక్ అభిమానుల వేడుకకు, వెళ్లాను. తీరా టేబుల్ ముందు నిలబడ్డాక గొంతు పెగల్లేదు. ఒక ప్రింట్ కొనుక్కుని వచ్చేశాను." ఈ మాట చాలామంది చెప్తూ ఉంటారు. దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. అరగంట సేపు మాట్లాడి, తర్వాత "విసిగించానేమో" అని ఇంటికెళ్లాక టెన్షన్ పడేవాళ్లు. ఈ మార్గదర్శి ఇద్దరికీ.

ముందుగా ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిక. ఇండీ ఆర్టిస్టు, అంటే పెద్ద కంపెనీ కోసం కాకుండా సొంతంగా కామిక్స్ వేసుకునే మనిషి, ఆ రోజు అక్కడ కళాకారుడే కాదు, దుకాణం తెరుచుకుని కూర్చున్న మనిషి కూడా. టేబుల్ అద్దె, ప్రయాణం, బస, అచ్చు ఖర్చు, అన్నీ చాలావరకు సొంత జేబులోంచే. బొమ్మ గీసేది, చిల్లర ఇచ్చేది, పుస్తకం కవర్లో పెట్టేది ఒకే మనిషి. ఎప్పుడు వెళ్లాలి, ఎంతసేపు నిలబడాలి, ఏం అడగొచ్చు అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడి నుంచే వస్తుంది.

1. ఎవరు, ఎక్కడ, ఏ రోజు: ఇంట్లోనే తేల్చుకోండి

లోపలికి వెళ్లాక చూసుకుందాంలే అనుకుంటే సగం రోజు నడకకే సరిపోతుంది. నిర్వాహకులు సాధారణంగా ఆర్టిస్టుల జాబితా, టేబుల్ నంబర్లు, హాల్ మ్యాప్ ముందే పెడతారు. వెతికేటప్పుడు ఆర్టిస్టు పేరుతో ఆగిపోకండి. కలం పేరు, కామిక్ పేరు, వాళ్లు సొంతంగా పెట్టుకున్న ప్రచురణ సంస్థ పేరు కూడా వెతకండి. ఇండీ వాళ్లు వీటిలో దేనితోనైనా టేబుల్ తీసుకుని ఉండొచ్చు.

విభాగం దగ్గర కూడా పొరపడుతుంటారు. శాన్ డియెగో కామిక్-కాన్ లాంటి పెద్ద వేడుకల్లో ఆర్టిస్టుల వరుస వేరు, 'స్మాల్ ప్రెస్' విభాగం వేరు. సొంతంగా పుస్తకాలు అచ్చు వేసుకునేవాళ్లు రెండో చోట ఉండొచ్చు. ఒక చోట కనబడలేదని రాలేదనుకోకండి. ఒకే టేబుల్‌ను ఇద్దరు పంచుకోవడం కూడా మామూలే. అప్పుడు బోర్డు మీద పెద్దగా కనబడేది పక్కవాళ్ల పేరు కావచ్చు.

రోజు సంగతి అన్నిటికంటే ముఖ్యం. మూడు రోజుల వేడుకకు మూడు రోజులూ అందరూ ఉంటారని లేదు. టోక్యోలో జరిగే కామికెట్ అనే సొంత ప్రచురణల వేడుకలో ఒక్కో బృందానికి సాధారణంగా ఒక్క రోజే చోటిస్తారు. మరుసటి రోజు అదే టేబుల్ మీద ఇంకెవరో ఉంటారు.

బయలుదేరే ముందు రోజు రాత్రి ఇవి చూసుకోండి:

- టేబుల్ నంబరు రాసుకున్నాను, మ్యాప్‌ను ఫోన్‌లో దించుకున్నాను (లోపల నెట్ అందకపోవచ్చు)
- ఆర్టిస్టు సోషల్ మీడియా ఖాతాలో చివరి పోస్టు చూశాను: వస్తున్నారా, ఏ రోజు, ఏ పుస్తకాలు తెస్తున్నారు
- ముందస్తు ఆర్డర్లు, కమిషన్లు (డబ్బు తీసుకుని అడిగిన బొమ్మ గీసివ్వడం) తీసుకుంటున్నారేమో కనుక్కున్నాను
- ప్యానెల్ చర్చ ఉంటే దాని సమయం రాసుకున్నాను (ఆ గంట టేబుల్ ఖాళీగా ఉంటుంది)
- వాళ్ల పని కొంతైనా చదివాను

ఆ చివరిది మొక్కుబడిగా చెప్పింది కాదు. చాలామంది ఇండీ ఆర్టిస్టులు మొదటి అధ్యాయాన్నో, కొన్ని పేజీలనో ఉచితంగా నెట్‌లో పెడతారు. అరగంట చదివి వెళ్తే మాట కలపడానికి అంతకు మించిన సాయం లేదు.

2. సంచి సర్దుకోవడం

- గట్టి అట్ట లేదా ఫైల్: ప్రింట్లు, పుస్తకాలు వంగకుండా
- ప్లాస్టిక్ కవర్లు, వెనక పెట్టే అట్టముక్కలు
- చిన్న నోట్లు, చిల్లర
- సంతకానికి ఒకటో రెండో పుస్తకాలు
- సన్న మొన నల్ల మార్కరు ఒకటి, ముదురు అట్టలకు వెండి రంగు పెయింట్ పెన్ను ఒకటి
- స్కెచ్ కావాలనుకుంటే మందం కాగితమున్న స్కెచ్‌బుక్
- మీ పేరు స్పష్టంగా రాసిన చిన్న చీటీ

చీటీ ఎందుకంటారా? హాల్లో గోల. మీరు చెప్పింది ఒకటి, వినబడింది ఇంకొకటి. పేరు తప్పుగా రాసిన పుస్తకం నా దగ్గర ఒకటుంది. తప్పు ఆర్టిస్టుది కాదు. గొణిగింది నేనే.

అమ్మకానికి పెట్టే ప్రింట్లలో 11×17 అంగుళాల సైజు తరచూ కనబడుతుంది. మామూలు బడి సంచిలో అది పట్టదు. గొట్టంలా చుట్టి తెచ్చుకుంటే ఇంటికొచ్చాక సాపు చేయడానికి రోజులు పడుతుంది. ఆ సైజు ఫైల్ ఒకటి ఉంటే మంచిది.

బరువైన సంచిని మాత్రం ఆర్టిస్టు టేబుల్ మీద పెట్టకండి. అక్కడ తడి ఆరని బొమ్మ ఉండొచ్చు.

3. ఎప్పుడు వెళ్లాలి

మీకేం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

కమిషన్ స్కెచ్ కావాలంటే మొదటి రోజు, తలుపులు తెరిచిన వెంటనే. మంచి పేరున్నవాళ్ల జాబితా మొదటి గంటలోనే నిండిపోవచ్చు. తక్కువ ప్రతులు వేసిన పుస్తకం కావాలన్నా అదే మాట. పైగా బోణీ చేసిన మనిషి ముఖం ఎవరికైనా గుర్తుంటుంది.

కాస్త మాట్లాడాలంటే రద్దీ తగ్గిన సమయం చూసుకోండి. తెరిచిన కొత్తలో, పెద్ద ప్యానెల్ ఏదో నడుస్తూ జనమంతా అటు పోయినప్పుడు, చివరి రోజు మధ్యాహ్నం. ఆఖరి అరగంట మాత్రం వద్దు. అప్పటికి వాళ్లు లెక్క చూసుకుంటూ పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు.

ఒకసారి దూరం నుంచి చూసి, జనం ఉంటే ఒక చుట్టు తిరిగి రండి. భోజనం చేస్తున్న మనిషి ముందు నిలబడకండి. చాలామందికి టేబుల్ వదిలి వెళ్లే వీలుండదు, అక్కడే నాలుగు ముద్దలు తింటారు.

4. మొదటి నిమిషం

దగ్గరికెళ్లి, చిన్నగా నవ్వి, నమస్కారం చెప్పి, ముందు టేబుల్ మీదున్నవి చూడండి. వెంటనే ఏదో మాట్లాడాలన్న నియమం లేదు. ఆర్టిస్టు తల వంచుకుని గీస్తుంటే అది మిమ్మల్ని పట్టించుకోకపోవడం కాదు. చేతిలో పని ఉందంతే. గీత పూర్తయ్యాక తలెత్తుతారు.

పుస్తకం తెరిచి చూడాలంటే "చూడొచ్చా?" అని అడగండి. 'నమూనా' అని రాసిన ప్రతి ఉంటే దాన్నే తీయండి. చేతులు పొడిగా ఉండాలి. ఇండీ పుస్తకాలు కొన్ని రిసోగ్రాఫ్ అనే యంత్రం మీద అచ్చవుతాయి. ఆ సిరా పూర్తిగా గట్టిపడదు, చెమట వేలితో రుద్దితే అంటుకుంటుంది.

తర్వాత ఒక్క వాక్యం. "మీ ఫలానా కథ చదివాను, అందులో వర్షం వచ్చే పేజీ బాగా నచ్చింది" అంటే చాలు. "నేను మీ పెద్ద అభిమానిని" అన్నదానికి వాళ్లు థాంక్స్ చెప్పి ఊరుకోవడం తప్ప ఏమంటారు? ఒక పేజీ పేరెత్తితే మాట దానంతటదే సాగుతుంది.

ఏమీ చదవలేదా? దాచక్కర్లేదు. "మీ పని కొత్తగా చూస్తున్నాను, దేనితో మొదలుపెట్టమంటారు?" అని అడగండి. నా దృష్టిలో టేబుల్ ముందు అడగదగ్గ ప్రశ్నల్లో ఇదే మేలైనది. వాళ్లకు చెప్పడం తేలిక, మీకు కొనడం తేలిక.

5. మాట: ఎంతసేపు, దేని గురించి

వెనక ఎవరైనా ఉంటే రెండు మూడు నిమిషాలు. ఎవరూ లేకపోతే, అవతలి వాళ్లు కూడా ఉత్సాహంగా మాట్లాడుతుంటే, ఇంకాసేపు. మాట్లాడుతున్నంతసేపు టేబుల్‌కు ఒక పక్కగా నిలబడండి, మధ్యలో కాదు. ఎవరైనా వచ్చి పుస్తకాలు చూస్తుంటే మాట ఆపి, "ముందు వాళ్లను చూడండి" అనండి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఆర్టిస్టుతో ఇరవై నిమిషాలు సిరాల గురించి మాట్లాడి పొంగిపోయాను. ఆ ఇరవై నిమిషాల్లో నా భుజం మీదుగా తొంగి చూసి ముగ్గురు వెళ్లిపోయారని నా స్నేహితుడు తర్వాత చెప్పాడు. నేను కొన్నదేమో ఒక స్టిక్కరు.

అడగదగ్గవి:

- ఈ పేజీ చేత్తో గీశారా, ట్యాబ్లెట్ మీదా?
- కథ ముందు రాసుకుంటారా, బొమ్మలతోనే మొదలుపెడతారా?
- తర్వాతి భాగం ఎప్పుడు?
- ఈ హాల్లో ఇంకెవరి టేబుల్ చూడమంటారు?

చివరి ప్రశ్నను వదలకండి. మీకు తెలియని మంచి ఆర్టిస్టులు అలాగే దొరుకుతారు. పక్క టేబుల్ మిత్రుణ్ని చూపించడం వాళ్లకూ ఇష్టమే.

అడగకూడనివి: దీంతో ఎంత సంపాదిస్తారు, అసలు ఉద్యోగం ఏంటి, ఫలానా పెద్ద కంపెనీకి ఎందుకు చేయట్లేదు. "ఇది నేనూ గీయగలను" అన్న జోకు కూడా. వాళ్లు ఆ రోజు అది పదోసారి వింటూ ఉండొచ్చు.

మాట ముగించడం కష్టమనిపిస్తే ఒక మాట సిద్ధంగా ఉంచుకోండి: "మిమ్మల్ని ఇంక ఆపను, తప్పకుండా చదువుతాను." చెప్పి కదలండి. చెప్పాక మళ్లీ నిలబడిపోతేనే ఇబ్బంది.

6. సంతకం

కొత్తగా కొన్న పుస్తకం మీద సంతకం సాధారణంగా ఉచితం. ఇంటి నుంచి తెచ్చిన వాటికి కొందరు రుసుము తీసుకుంటారు. టేబుల్ మీద బోర్డు ఉంటుంది, లేకపోతే అడగండి.

వరుస ఇది:

1) మీ వంతు రాకముందే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చేతిలో పెట్టుకోండి.
2) సంతకం ఎక్కడ కావాలో వేలితో చూపించండి. లోపలి మొదటి పేజీ అయితే తెరిచి ఇవ్వండి.
3) మీ పేరు రాయించుకోవాలా, ఉత్త సంతకం చాలా, ముందే చెప్పండి. చీటీ ఇవ్వండి.
4) సంతకం అయ్యాక మూయకండి. నిగనిగలాడే అట్ట మీద మార్కరు ఆరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తెరిచి పట్టుకునే పక్కకు జరగండి.

నాలుగోది మరిచిపోయి సంతకాన్ని ఎదుటి పేజీ మీద కూడా అచ్చు వేసుకున్నవాళ్లలో నేనొకణ్ని. వెండి, బంగారు రంగు పెన్నులైతే ఇంకాస్త ఆగాలి. వాటిని ముందు వేరే కాగితం మీద ఊపి, గీసి చూసి ఇవ్వండి. లేకపోతే మొదటి గీతకే సిరా బొట్టు పడుతుంది.

పుస్తకాన్ని గ్రేడింగ్‌కు, అంటే దాని స్థితికి మార్కులు వేయించడానికి, పంపే ఆలోచన ఉంటే ఆ మాట ముందే చెప్పండి. అలా గ్రేడింగ్ చేసే సీజీసీ సంస్థ 'సిగ్నేచర్ సిరీస్' లేబుల్ ఇవ్వాలంటే సంతకం వాళ్ల సాక్షి ఎదురుగా జరగాలి. ఇంటికెళ్లాక గుర్తొస్తే లాభం లేదు. అలాంటి సంతకానికి కొందరు ఆర్టిస్టులు వేరే ధర పెడతారు.

ఎన్ని పుస్తకాలు? వెనక జనం ఉంటే రెండు. పది తెచ్చానంటే వరుస చివరికి మళ్లీ వెళ్లి నిలబడాలి.

7. కమిషన్ స్కెచ్: తొందరపడితే గొడవలొచ్చేది ఇక్కడే

అడగందే అమ్మైనా పెట్టదు, కాబట్టి అడగండి. కానీ అడిగే తీరు ఉంది.

ఆర్టిస్టులు సాధారణంగా ధరల కార్డు పెడతారు: తల మాత్రమే, నడుము దాకా, నిలువు బొమ్మ, నలుపు-తెలుపా రంగులా. ముందు అది చదవండి. కార్డు మీద ఉన్న ధరను రెండోసారి అడగడం, దాని మీద బేరం ఆడటం రెండూ వద్దు. గంటసేపు గీసే బొమ్మకు అడిగే డబ్బులో కాగితం, సిరా, ఏళ్ల సాధన ఉన్నాయి. భారమనిపిస్తే చిన్న సైజు తీసుకోండి, అందులో నామోషీ లేదు.

తేల్చుకోవాల్సినవి, ఇదే వరుసలో:

- జాబితా ఇంకా తెరిచే ఉందా?
- ఏ సైజు, ఎంతమంది పాత్రలు, వెనక దృశ్యం ఉంటుందా?
- కాగితం వాళ్లదా, నా స్కెచ్‌బుక్కా?
- ఈ రోజే ఇస్తారా, రేపా, పోస్టులో పంపిస్తారా?
- డబ్బు ఇప్పుడే ఇవ్వాలా, తీసుకునేటప్పుడా? (ముందే తీసుకోవడం మామూలు విషయం)
- ఎన్నింటికి రావాలి?

పాత్ర ఎంపికలో వాళ్ల పుస్తకంలోని పాత్రను అడిగితే బొమ్మ బాగా వస్తుంది. అది వాళ్ల చేతిలో ఉన్న పాత్ర. వేరే పాత్ర కావాలంటే రెండు మూడు స్పష్టమైన బొమ్మలు ఒకే కాగితం మీద అచ్చు వేసి తీసుకెళ్లండి. మీరు సొంతంగా ఊహించుకున్న పాత్ర అయితే ముందు, వెనక, రంగులు కనబడే బొమ్మ తప్పనిసరి. "కొంచెం అలా ఉంటుంది, కానీ అలా కాదు" అని పదిహేను నిమిషాలు వర్ణిస్తే ఎవరూ గీయలేరు. ఫోన్ చూపించి ఊరుకుంటే కూడా పని జరగదు. ఫోన్ మీతో పాటు వెళ్లిపోతుంది కదా.

ఒప్పుకున్నాక వదిలేయండి. "బాగా వచ్చేలా గీయండి, భంగిమ మీ ఇష్టం" అన్న మాటకు వచ్చినంత మంచి బొమ్మ, పది షరతులకు రాదు. వెనక నిలబడి చూస్తూ ఉండొద్దు. చెప్పిన సమయానికి రండి. ఓ పావుగంట ఆలస్యమైతే ఓపిక పట్టండి.

స్కెచ్‌బుక్ ఇచ్చేటప్పుడు గీయాల్సిన పేజీకి రిబ్బనో క్లిప్పో పెట్టండి. ఆ పేజీ వెనక మందం కాగితం ఒకటి దూర్చండి. ఆల్కహాల్ మార్కర్లు పలచటి కాగితం దాటి కింది పేజీలో ఉన్న ఇంకొకరి బొమ్మను పాడుచేస్తాయి. మీ పేరు, ఫోన్ నంబరు లోపలి అట్ట మీద రాయండి. టేబుల్ కింద ఇలాంటివి పది స్కెచ్‌బుక్కులు ఉంటాయి.

పోస్టులో పంపే ఒప్పందమైతే ఆర్డర్ చీటీని ఫోటో తీసుకోండి: ఏం గీస్తారు, ఎంత ఇచ్చారు, ఎప్పటికి.

అన్ని వేడుకల్లో పద్ధతి ఒకటే కాదు. ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవంలో పుస్తకం కొన్నవాళ్లకు అందులోనే చిన్న బొమ్మ గీసి సంతకం చేసి ఇస్తారు. దానికి పెద్ద వరుసలుంటాయి. అక్కడ ఇచ్చారు కదా అని ఇంకోచోట ఉచిత బొమ్మ అడగకూడదు.

8. డబ్బు

చిన్న నోట్లు ఇస్తే ఆర్టిస్టుకు సగం పని తగ్గించినట్టే. పొద్దున్నే పెద్ద నోటు ఇచ్చి చిన్న స్టిక్కరు కొంటే వాళ్ల చిల్లర డబ్బా ఖాళీ అవుతుంది. ఫోన్‌తో చెల్లించొచ్చు కదా అంటారా? వేలమంది ఒకే హాల్లో ఉన్నప్పుడు సిగ్నల్ మొరాయిస్తుంది. రెండూ ఉంచుకోండి.

ఏమీ కొనలేని పరిస్థితి ఉంటే కూడా వెళ్లి పలకరించండి. మాట కాస్త క్లుప్తంగా ఉంచి, విజిటింగ్ కార్డు తీసుకుని, ఖాతాను అక్కడే ఫాలో అవండి. ఉచితంగా పెట్టిన స్టిక్కర్లు, బుక్‌మార్కులు ఒక్కొక్కటే తీయండి.

9. ఫోటో

అడిగి తీయండి. ఆర్టిస్టుతో ఫోటోకే కాదు, టేబుల్ మీది బొమ్మలకు కూడా. ప్రింట్‌ను ఫోటో తీసుకుని వెళ్లిపోవడం కొనకుండా పట్టుకెళ్లడం లాంటిదే. నెట్‌లో పెడితే వాళ్ల ఖాతాను ట్యాగ్ చేసి, టేబుల్ నంబరు రాయండి.

10. మీరూ గీస్తారా? మీ పని చూపించాలంటే

ముందే చెప్తున్నా, ఇది మొదటి మాటగా వద్దు. రద్దీ లేనప్పుడు, ఏదో ఒకటి చూసి మాట్లాడాక, "నేనూ గీస్తుంటాను, రెండు నిమిషాలు చూడగలరా, వీలు కాకపోతే పర్లేదు" అని అడగండి. కాదంటే నిజంగానే పర్లేదు అన్నట్టు ఉండండి.

- ఐదారు పేజీలు చాలు, అన్నీ వరుస కథ పేజీలే (విడి పోస్టర్లు చూసి కథ చెప్పే నేర్పు తెలియదు)
- అచ్చు వేసినవి, లేదా ఫోన్‌లో ఒకే ఫోల్డర్లో
- ఒకే ప్రశ్న: "ఈ పేజీలో కన్ను ఎటు పోవాలో అర్థమవుతోందా?" లాంటిది

"ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. దానితో మీకు ఒరిగేదేమీ లేదు. తప్పు చూపిస్తే వాదించకండి, రాసుకోండి. మీరు సొంతంగా అచ్చు వేసుకున్న చిన్న పుస్తకం ఉంటే ఒక ప్రతి ఇవ్వొచ్చు. ఇండీ వాళ్లలో చాలామంది తమ పుస్తకం ఇచ్చి సంతోషంగా మార్చుకుంటారు కూడా. మార్చుకుందామని ముందుగా అనాల్సింది మాత్రం వాళ్లే.

11. ఇలా జరిగితే

టేబుల్ ఖాళీగా ఉంది: పక్క టేబుల్ వాళ్లను అడగండి, ఎప్పుడొస్తారో వాళ్లకు తెలుస్తుంది.

మాట తడబడింది: "కొంచెం టెన్షన్‌గా ఉంది" అనేయండి. టేబుల్ అవతలి మనిషి కూడా చాలాసార్లు బిడియస్తుడే. ఇల్లు కదలకుండా ఒంటరిగా కూర్చుని గీసే పని అది.

కమిషన్ జాబితా నిండిపోయింది: "ఎవరైనా రాకపోతే చెప్తారా?" అని నంబరు ఇచ్చి వెళ్లండి. లేదా వేడుక తర్వాత తీసుకుంటారేమో కనుక్కోండి. బతిమాలొద్దు.

బొమ్మ అనుకున్నట్టు రాలేదు: పాత్రే తప్పయితే అక్కడే మర్యాదగా చెప్పండి. శైలి నచ్చకపోతే మాత్రం చెప్పడానికి ఏమీ లేదు. ఆ శైలి చూసే అడిగారు.

పేరు తప్పు రాశారు: నవ్వుతూ చెప్పండి. చాలామంది దాన్నే చిన్న బొమ్మగా మార్చేస్తారు. నేను సిగ్గుపడి చెప్పలేదు, అందుకే నా పుస్తకం ఇంకా వేరొకరి పేరు మీదుంది.

12. ఇంటికొచ్చాక

ఆ రాత్రే ప్రింట్లు, బొమ్మలు ఫైల్లోంచి తీసి చూడండి. సిరా పూర్తిగా ఆరనిది ఉంటే రాత్రంతా తెరిచి ఉంచండి. తర్వాత ఆమ్లం లేని అట్టతో, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లో పెట్టండి. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు బొమ్మకు అంటుకుంటాయి. మార్కరు రంగులు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి ఫ్రేము కట్టిస్తే కిటికీకి ఎదురుగా తగిలించకండి.

పుస్తకం చదవండి. చదివాక నాలుగు మాటలు రాసి, కొనే లింకుతో సహా నెట్‌లో పెట్టండి. ప్రచారానికి డబ్బు లేని పుస్తకానికి కొత్త పాఠకుడు చాలావరకు ఇలాగే దొరుకుతాడు.

పోస్టులో రావాల్సిన కమిషన్ గడువు దాటితే ఒక వారం ఆగి, ఆర్డర్ చీటీ ఫోటో జతచేసి, టేబుల్ దగ్గర ఏ రోజు కలిశారో గుర్తుచేస్తూ ఈమెయిల్ పంపండి. వేడుక నుంచి వెళ్లాక చాలామందికి జలుబూ, పెండింగు పనీ రెండూ ఉంటాయి.